మాత్రలు ఆపి ఆపి వేస్తే మొండి బ్యాక్టీరియా చస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. ఈ ఏడాది మూడుసార్లు యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. యాంటీబయాటిక్ వేస్తే తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్లీ మంట. నిద్రపోయే బ్యాక్టీరియా మందుకు చావదని, మధ్యలో ఆపి మళ్లీ వేస్తే చస్తుందని గణిత నమూనాలు చెబుతున్నాయట. అలా వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వద్దమ్మా, అలా వేయకండి. మీరు చదివింది అబద్ధం కాదు, సగం కథ.

వరి మడిలో కలుపు మందు కొడితే మొలిచిన ఊద మాడిపోతుంది. మట్టిలో మొలవని గింజకు ఏమీ కాదు, తర్వాత లేస్తుంది. పెన్సిలిన్ కూడా పెరిగే బ్యాక్టీరియానే చంపుతుంది. అలా నిద్రలో ఉండి బతికినవాటికి 1944లో ఐర్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బిగ్గర్ ‘పర్సిస్టర్లు’ అని పేరు పెట్టారు. మందు ఆపి, అవి లేచాక మళ్లీ కొట్టాలన్న ఆలోచనా ఆయనదే.

లెక్క చూడండి. కోటి బ్యాక్టీరియా ఉన్నాయనుకుందాం, గంటకు పదింట తొమ్మిది చస్తున్నాయి. కోటి పది లక్షలవుతుంది, లక్ష, పదివేలు, వెయ్యి... ఎనిమిది గంటల్లో అంతా అయిపోవాలి. వాటిలో వంద నిద్రలో ఉంటే మాత్రం గ్రాఫ్‌లో గీత నిటారుగా దిగి, వంద దగ్గర దాదాపు పడుకుండిపోతుంది.

ఇక మిగతా సగం. జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీలో ఈ.కోలై అనే బ్యాక్టీరియాకు రోజూ కొన్ని గంటలు యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ పెట్టి తీసేశారు. 2014లో వెలువడిన ఆ ఫలితం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మూడు గంటల మందుకు మూడు గంటల నిద్ర, ఎనిమిది గంటల మందుకు ఎనిమిది గంటల నిద్ర! మందు ఎంతసేపు ఉంటే అంతసేపు పడుకునే రకాలు పుట్టుకొచ్చాయి. మీరు ఆపి ఆపి వేయడం అంటే వాటికి ఈ పాఠం నేర్పడమే. పైగా అమ్మగారి మూత్రాశయంలో అవి ఎప్పుడు లేస్తాయో ఇంట్లో ఎవరు కొలుస్తారు?

మళ్లీ మళ్లీ రావడానికి పర్సిస్టర్లే కారణమనీ అనుకోకండి. చాలాసార్లు అది కొత్తగా వచ్చిన ఇన్‌ఫెక్షనే. ఈసారి మంట మొదలైతే మెడికల్ షాపుకు వెళ్లకుండా, మొదటి మాత్రకు ముందే యూరిన్ కల్చర్‌కు (ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) ఇవ్వండి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. రాయి ఉందా, మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందా అనేది స్కానింగ్‌లో తెలుస్తుంది. బహిష్టులు ఆగినవారికి డాక్టర్ చీటీ మీద ఇచ్చే, యోనిలో వాడే ఈస్ట్రోజెన్ (స్త్రీ హార్మోన్) క్రీమ్ ఈ బెడద తగ్గిస్తుంది, సిగ్గుపడకుండా అడగండి. మాత్రలు రాసినన్ని రోజులే, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. షుగర్ మాత్రల చీటీ కూడా వెంట ఉంచుకోండి.