ముస్లిం దేశాల జనానికి అన్యాయం కనిపించదా? దోహాలో పనిచేసినవాడిగా నా జవాబు

"ముస్లిం దేశాల్లో జనానికి వాళ్ళ పాలకులు చేసే అన్యాయం కనిపించదా? కనిపిస్తే ఎందుకు ఊరుకుంటారు, మతం వల్లేనా?" అని అడిగారు. నేను ముస్లింనే, మాది బోధన్ వైపు. ఖతార్ రాజధాని దోహాలో ఒక సూపర్‌మార్కెట్‌లో సరుకు సర్దే పని చేశాను. సెలవు మీద ఊరికొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న ఎవరో ఒకరు వేసేవారు, ఆ రాజులందరి తరఫునా నేనే సంజాయిషీ ఇవ్వాలన్నట్టు. నా జవాబు ఇది. వాళ్ళకి అన్యాయం మనకంటే బాగా కనిపిస్తుంది. నోరు తెరిస్తే ఇంట్లోవాళ్ళకి ఏమవుతుందో కూడా బాగా తెలుసు.

2017 జూన్ 5, రంజాన్ నెల. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. ఖతార్‌కి నేల మీద ఉన్న సరిహద్దు సౌదీతో ఒక్కటే, దాన్ని మూసేశారు. మాకు పాలు, పెరుగు, కోడిమాంసం చాలావరకు ఆ దారినే లారీల్లో వచ్చేవి. వార్త తెలియగానే జనం ట్రాలీలు నింపుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రానికల్లా పాల ఫ్రిజ్‌లు ఖాళీ అయిపోయాయి. ఉపవాసంతోనే బియ్యం బస్తాలు మోశాం, నిలబడే ఇఫ్తార్ చేశాం. తర్వాత టర్కీ నుంచి విమానాల్లో పాలు దిగాయి. ఆ భాష ఎవరికీ రాదు కాబట్టి ఏది వెన్న తీసిన పాలు, ఏది కాదు అని అరబీలో, ఇంగ్లీషులో చీటీలు అంటించే పని కూడా మాకే పడింది.

నాతోపాటు పాల సెక్షన్‌లో ఈజిప్టు అతను ఒకడు ఉండేవాడు, మన్సూరా వాడు. నాకంటే పెద్ద, భాయ్ అని పిలిచేవాణ్ణి. ఒక రాత్రి సహరీకి (ఉపవాసం మొదలుకాకముందు తెల్లవారుజామున తినే తిండికి) ముందు వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏడుపు. దోహాలో తిండి దొరకడం లేదని, జనం కొట్టుకుంటున్నారని అక్కడి టీవీలో చెబుతున్నారట. భాయ్ వీడియో కాల్ పెట్టి ఫోన్‌ని షెల్ఫుల వైపు తిప్పాడు. పాలు, గుడ్లు, రొట్టెలు, అరటిపళ్ళు అన్నీ ఒక్కొక్కటిగా చూపించాడు. ఆమె నమ్మలేదు. "మీ కొట్లో ఉన్నాయేమో, ఊరంతా లేవట కదా" అంది. ఉద్యోగం వదిలేసి వచ్చేయమంది. కన్నకొడుకు కళ్ళెదురుగా చూపిస్తుంటే టీవీ చెప్పిన మాటే నెగ్గింది.

ఫోన్ పెట్టేశాక తమ్ముడి సంగతి చెప్పాడు. 2013 ఆగస్టులో కైరోలో నిరసనకారుల మీద కాల్పులు జరిగాక పట్టుకుపోయారట, అప్పటికింకా జైల్లోనే ఉన్నాడు. "వాడు ఏ తప్పూ చేయలేదని అమ్మకి తెలుసు. కానీ బయట ఎవరైనా అడిగితే ప్రభుత్వం చెప్పిందే తనూ చెబుతుంది. మిగిలిన కొడుకులైనా ఇంటిపట్టున ఉండాలి కదా" అన్నాడు. మీరు ఊరుకోవడం అంటున్నది దీన్నే.

అసలు ఊరుకున్నారని ఎవరన్నారు? 2011లో ట్యునీసియా నుంచి కైరో దాకా లక్షలమంది రోడ్డెక్కారు. ఈజిప్టుని ముప్పై ఏళ్ళు ఏలిన ముబారక్‌ని పద్దెనిమిది రోజుల్లో దింపారు. తర్వాత ఏం జరిగిందో చూడండి. సైన్యం మళ్ళీ అధికారం పట్టుకుంది. 2013 ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో, సైన్యం దింపేసిన అధ్యక్షుడు ముర్సీ కోసం నిరసనగా కూర్చున్నవాళ్ళ మీద భద్రతా దళాలు కాల్పులు జరిపితే ఒక్కరోజులో కనీసం 817 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవహక్కుల సంస్థ లెక్క తేల్చింది. కాల్చినవాళ్ళలో ఒక్క అధికారికీ శిక్ష లేదు. 2018లో ఆ రబా కేసులోనే 75 మందికి ఉరిశిక్ష వేశారు, అదీ నిరసన వైపు వాళ్ళకి. అంతకుముందు 2014లో ఈజిప్టులోనే మిన్యా ఊరి కోర్టు ఒక్క పోలీసు అధికారి హత్యకి 529 మందికి ఉరి అంది. విచారణ రెండు రోజులు కూడా సరిగ్గా సాగలేదు. తర్వాత చాలామందికి శిక్ష తగ్గించారు. కానీ ఆ వార్త విన్న ప్రతి తల్లికీ భయం పుట్టింది. దాని పని అదే.

దోహా పాలకులు మంచివాళ్ళని నేను అనడం లేదు. వాళ్ళ డబ్బుతో నడిచే అల్ జజీరా టీవీ ఛానెల్ ఆ విప్లవాలని రాత్రింబగళ్ళు చూపించింది. అదే సమయంలో ట్యునీసియా జనాన్ని మెచ్చుకుంటూ, అరబ్బు పాలకులని తిడుతూ కవిత చదివిన సొంత దేశపు కవి మహమ్మద్ అల్ అజామీకి 2012లో ఖతార్ కోర్టు యావజ్జీవం వేసింది. దాన్ని పదిహేనేళ్ళకు తగ్గించి, 2016లో క్షమాభిక్ష పెట్టి వదిలారు. అక్కడ ప్రతి ఛానెల్ పక్కింటి కుళ్ళు గురించి గొంతెత్తి చెబుతుంది, సొంతింటి గురించి చెప్పదు. మా పక్క క్యాంపులో ఒక నిర్మాణ కంపెనీ నెలల తరబడి జీతాలు ఎగ్గొట్టింది. జగిత్యాల, సిరిసిల్ల పిల్లలు అప్పు తెచ్చుకుని తిన్నారు. పాస్‌పోర్టులు కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర. 2018లో చట్టం మారేదాకా అతను సరే అంటేనే దేశం దాటాలి. ఏ కెమెరా వాళ్ళ గదుల వైపు రావడం నేను చూడలేదు. మన తెలుగు టీవీలు కూడా ఎడారిలో ఎవరో ఏడుస్తూ వీడియో పెడితే ఒకరోజు హడావుడి చేసి వదిలేస్తాయి. ఆ బాకీలు వచ్చాయో లేదో మళ్ళీ అడిగిన యాంకర్ లేడు.

ఇక మతం. ఆ నాలుగు దేశాలూ ముస్లిం దేశాలే, ఖతారూ ముస్లిం దేశమే. దిగ్బంధం పెట్టింది రంజాన్‌లో. ఖతార్ మీద సానుభూతి చూపిస్తే పదిహేనేళ్ళ దాకా జైలు అని యూఏఈ ప్రకటించింది. ఇందులో మతం ఎక్కడుందో నాకు చెప్పండి. ఉన్నది కుర్చీ, దాని వెనక ఆయుధాల బేరం. ట్రంప్ ఆ వారంలోనే ఖతార్ ఉగ్రవాదానికి డబ్బిస్తోందన్నాడు. పది రోజులు తిరక్కుండానే ఆయన ప్రభుత్వం అదే ఖతార్‌కి 1,200 కోట్ల డాలర్ల యుద్ధవిమానాల ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఈజిప్టు సైన్యానికి ఏటా 130 కోట్ల డాలర్లు ఇస్తున్నదీ అమెరికానే. ఇంత బలం వెనక ఉన్నవాడి మీద మన్సూరాలో ఒక ముసలావిడ ఎందుకు తిరగబడలేదని అడగడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో అందరూ కౌగిలించుకుని సంతకాలు చేశారు, సరిహద్దు తెరిచారు. ఆ నాలుగు దేశాలు పెట్టిన 13 డిమాండ్లలో అల్ జజీరాని మూసేయాలన్నదీ ఒకటి, అది ఇప్పటికీ నడుస్తోంది. భార్యది సౌదీ, భర్తది ఖతార్ అయిన ఇళ్ళు మూడున్నరేళ్ళు రెండు ముక్కలయ్యాయి. ఎందుకు విడదీశారో, ఎందుకు మళ్ళీ కలిపారో ఆ ఇళ్ళకి ఏ పాలకుడూ చెప్పలేదు.