మొక్కలకు ముందు మట్టి సంగతి

చిరంజీవికి ఆశీస్సులు.

మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలం మీ సంఘం చేతికొచ్చిందని, వచ్చే వానలకే మొక్కలు నాటాలని అందరూ ఉబలాటపడుతున్నారని రాశావు. సంతోషమే. కానీ నాటడం ఒక ఏడాది ఆగినా కొంప మునగదు.

ముందు అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లను వెతికి పట్టుకో. నూనె ట్యాంకు ఎక్కడుండేది, వ్యర్థాలు ఏ మూల పారబోసేవారు అన్నవి కాగితాల్లో కన్నా వాళ్ల నోటే ఎక్కువ దొరుకుతాయి. ఆ మూలల్లో మట్టి నమూనాలు తీయించు, అదీ రెండు మూడు లోతుల్లో. సీసం ఎక్కువగా పైపొరనే అంటిపెట్టుకుంటుంది. యంత్రాల జిడ్డు వదిలించే ద్రావకాలు మాత్రం భూగర్భజలం దాకా దిగిపోతాయి. ఖర్చు కలిసొస్తుందని అన్ని మూలల మట్టినీ కలిపి ఒకే పరీక్ష చేయిద్దామంటారు, ఒప్పుకోకు. విషమున్న మూల ఆ సగటులో దాక్కుంటుంది.

పాత కాంక్రీటు నేలను చూడగానే పగలగొట్టాలనిపిస్తుంది. ఫలితాలు వచ్చేదాకా దాని జోలికి వెళ్లొద్దు. కింద కలుషితమైన మట్టి ఉంటే వాననీరు అందులోకి ఇంకకుండా ఆపుతున్నది అదే. ఇంకుడు గుంతలు కూడా శుభ్రమైన నేల తేలాకే.

మొక్కలే విషాన్ని పీల్చేస్తాయనేవాళ్లూ వస్తారు. కొంత నిజమే. టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి లాగేస్తుందని 2001లో వెల్లడైంది. అయితే ఏళ్లు పడుతుంది. కోసిన ఆకులను ఎరువుకుప్పలో వేశారా, విషం మళ్లీ అదే నేలకు చేరుతుంది.

అమెరికాలోని సియాటిల్‌లో 1956లో ఆగిపోయిన గ్యాసు ఫ్యాక్టరీని రిచర్డ్ హాగ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు పార్కుగా మలిచాడు. 1975లో తెరిచారు. మట్టిలో మురుగుబురద, రంపపుపొట్టు కలిపి సూక్ష్మజీవుల చేత శుద్ధి చేయించాడు. అయినా దశాబ్దాల తర్వాత కూడా శుద్ధి పనులు తప్పలేదు. పాత టవర్లను మాత్రం కూల్చలేదు, నాకు నచ్చింది అదే. జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌లోనూ 1985లో మూతపడిన ఉక్కు కర్మాగారాన్ని పీటర్ లాట్జ్ అనే మరో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు పార్కుగా మార్చి అలాగే నిలబెట్టాడు. గ్యాసు ట్యాంకులో నీళ్లు నింపితే ఇప్పుడు అందులో డైవింగ్ నేర్చుకుంటున్నారు! మీ పొగగొట్టం దృఢంగా ఉందని ఇంజనీరు చెబితే ఉండనివ్వండి.

కూరగాయలు మాత్రం ఎత్తు మడుల్లోనే. అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని దిగనిచ్చి, కింది మట్టిని పైమట్టితో కలవనివ్వని గుడ్డ) పరిచి, బయటి నుంచి తెచ్చిన, పరీక్ష చేయించిన మట్టి పోయించు.

ప్రారంభోత్సవానికి పెట్టే డబ్బులో సగం తీసి, మూడో వేసవిలో నీళ్లు పోసే మనిషి జీతానికి పక్కన పెట్టండి. పరీక్ష ఫలితాలు రాగానే పంపు. లోతులవారీ అంకెలు చూడందే నేనేమీ చెప్పను.