సైటు వస్తోంది, మెయిళ్లు రావడం లేదు

ప్రశ్న: మాది బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. కొత్త హోస్టింగ్ వాళ్లు చెప్పినట్టు నేమ్‌సర్వర్లు మార్చాం. సైటు బాగానే తెరుచుకుంటోంది కానీ ఆర్డర్ల మెయిళ్లు ఆగిపోయాయి. మెయిల్ సర్వీసు పాతదే. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నేమ్‌సర్వర్లంటే మీ డొమైన్ రికార్డులు ఉండే చోటు. అవి మారితే రికార్డులన్నీ కొత్త చోటి నుంచే చదువుతారండీ. మెయిళ్లు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే పాత ఎంఎక్స్ రికార్డులు వాటంతట అవి అక్కడికి రావు. ఎంఎక్స్ లేకపోతే పంపేవాళ్ల సర్వర్ ‘ఎ’ రికార్డు (సైటు ఉన్న సర్వర్ ఐపీ చిరునామా) చూసి నేరుగా మీ వెబ్ సర్వర్‌కే వెళుతుంది. అక్కడ మీ మెయిల్ ఖాతాలు లేకపోతే 550 ఎర్రర్‌తో వెంటనే తిప్పికొడుతుంది. అలా పోయినవి మళ్లీ రావు, ఆర్డర్లు పంపేవాళ్లకు ఫోన్ చేసి అడగండి.

పాత ప్యానెల్ (రికార్డులు మార్చే పేజీ) ఇంకా తెరుచుకుంటే ముందు అక్కడి రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎంఎక్స్‌ను కొత్త ప్యానెల్‌లో అక్షరం పొల్లుపోకుండా ఎక్కించండి. విలువగా సర్వర్ పేరే రాయాలి, ఐపీ అంకెలు చెల్లవు. పేరు గడిలో @ చాలు. డొమైన్ మొత్తం రాస్తే కొన్ని ప్యానెళ్లు దాన్ని చివర మరోసారి తగిలిస్తాయి.

అందరూ తప్పేది ఎస్‌పీఎఫ్ దగ్గర, అంటే మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే రికార్డు దగ్గర. డొమైన్‌కు అది ఒక్కటే ఉండాలి. కొత్త హోస్టింగ్ తనదొకటి పెట్టి ఉంటే రెండింటినీ ఒకే లైన్లో కలపండి, లేకపోతే రెండూ చెల్లవు. డీకిమ్ (మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం) రికార్డు కూడా ఎక్కించడం మరవకండి.

డాట్ కామ్‌లో నేమ్‌సర్వర్ల సమాచారం 48 గంటల దాకా నిల్వ ఉంటుంది, అందాకా కొందరి సర్వర్లు పాత చోటే చూడవచ్చు, కాబట్టి అక్కడి పాత రికార్డులను ఇప్పుడే చెరపవద్దు.

సైటులోని ఎంక్వైరీ ఫారం మెయిళ్లు మాత్రమే ఇంకా రాకపోతే, వెబ్ సర్వర్ వాటిని బయటికి పంపకుండా తనలోనే వెతుకుతోందన్నమాట. సీప్యానెల్‌లో (హోస్టింగ్ నిర్వహణ ప్యానెల్) ఇమెయిల్ రౌటింగ్‌ను ‘రిమోట్’కు మార్చండి.