రెండో లాట్ ఎప్పుడు కొన్నారు?

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. బ్యాంకు ద్వారా డబ్బు పంపి అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజి నాస్‌డాక్‌లోని ఒక చిన్న కంపెనీ షేర్లు 5 డాలర్లకు కొన్నాను. తర్వాత ఆ కంపెనీ ఒక ఫండ్‌కు కన్వర్టబుల్ ప్రిఫర్డ్ షేర్లు (తర్వాత మామూలు షేర్లుగా మార్చుకోగలిగేవి) ఇచ్చింది. రేటు పడుతోంటే యావరేజ్ అవుతుందని మళ్లీ కొన్నాను. ఇప్పుడు రేటు డాలరు. ఫండే షార్ట్ సెల్లింగ్ (అరువు షేర్లు ముందు అమ్మి, రేటు పడ్డాక కొని తిరిగి ఇవ్వడం) చేసి ముంచిందట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇక్కడ చీటింగ్ కేసు పెట్టవచ్చా? మనమూ షార్ట్ చేసి నష్టం రాబట్టుకుందామని న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది అంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, తేదీలు తప్ప. ఈ వ్యవహారం తేలేది వాటి మీదే.

అమెరికాలో కంపెనీ ఇలాంటి ముఖ్యమైన ఒప్పందం చేసుకుంటే సాధారణంగా 4 పనిదినాల్లో 8-కె అనే బహిరంగ నివేదికలో చెప్పాలి. అది అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ నడిపే ఎడ్గార్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో కన్వర్షన్ ప్రైస్ క్లాజు (ఏ రేటుకు మామూలు షేర్లుగా మార్చుకోవచ్చో చెప్పే షరతు) చదవండి. మార్కెట్ రేటులో 80 శాతానికి మార్చుకోవచ్చని ఉందనుకోండి. 10 లక్షల డాలర్ల ప్రిఫర్డ్‌కు, రేటు 5 ఉన్నప్పుడు రెండున్నర లక్షల షేర్లు వస్తాయి. రేటు 1కి పడితే పన్నెండున్నర లక్షలు. రేటు ఎంత పడితే ఫండ్‌కు అన్ని షేర్లు. షార్ట్ చేయాలన్న ఆశ పుట్టేది అక్కడే. ఆ క్లాజు బయటపెట్టాక మీరు రెండో లాట్, అంటే రెండోసారి షేర్లు, కొన్నారంటే, దాని విషయంలో మోసపోయానని చెప్పడం దాదాపు అసాధ్యం. చదవకుండా యావరేజ్ చేయడం మీ అజాగ్రత్తే.

మొదటి లాట్‌కూ దారి ఇరుకే. ఏటీఎస్‌ఐ కమ్యూనికేషన్స్ అనే కంపెనీ తన ప్రిఫర్డ్ షేర్లు కొన్న ఫండ్ల మీద సరిగ్గా ఇదే ఆరోపణతో వెళితే, 2007లో అమెరికా అప్పీలు కోర్టు కేసు కొట్టివేతను సమర్థించింది. షార్ట్ సెల్లింగ్ దానంతటదే మోసం కాదంది. ఎవరు, ఎప్పుడు, ఏ మాయ చేశారో వివరంగా చెప్పాలంది. షార్ట్ చేయకూడదని ఒప్పందంలోనే రాసి ఉంటే ఫండ్ మీద వెళ్లాల్సింది కంపెనీ, మీరు కాదు.

ఇక ఇక్కడి స్టేషన్లో ఏమని రాసిస్తారు? ఆ ఫండ్ మీతో ఒక్క మాట మాట్లాడలేదు, మిమ్మల్ని నమ్మించి కొనిపించలేదు. మన షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కూడా ఏమీ చేసే వీల్లేదు, ఆ కంపెనీ దాని పరిధిలోది కాదు. అమెరికాలో దావా వేయాలంటే మోసం తెలిసిన, లేదా శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 2 ఏళ్లే గడువు. ఎప్పుడు తెలిసినా సరే, మోసం జరిగి 5 ఏళ్లు దాటితే దారి మూసుకుంటుంది.

మీ బావమరిది సలహా మాత్రం వినకండి. విదేశీ మార్కెట్లో మార్జిన్ (బ్రోకరు దగ్గర హామీగా ఉంచే సొమ్ము) కోసం ఇక్కడి నుంచి డబ్బు పంపకూడదు. షార్ట్ చేయాలంటే మార్జిన్ ఖాతా కావాల్సిందే. విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకుకిచ్చే ఏ2 ఫారంలో 'బహుమతి' అని రాసి అతని ఖాతాకు పంపితే, విదేశీ మారక చట్టం ఫెమా కింద ఆ సొమ్ముకు 3 రెట్ల దాకా జరిమానా పడొచ్చు. పైగా షార్ట్‌లో నష్టానికి హద్దు ఉండదు.

ముందు బ్రోకరు కాంట్రాక్ట్ నోట్లు, బ్యాంకు రెమిటెన్స్ కాగితాలు, ఆ 8-కె ప్రింటు ఒకచోట పెట్టండి. కంపెనీ మీద క్లాస్ యాక్షన్ (మదుపరులందరి తరఫున వేసే ఉమ్మడి దావా) నడుస్తోందేమో చూడండి. ఉంటే మొదటి లాట్‌తో అందులో చేరే వీలుండొచ్చు. షేర్లు అమ్మేస్తే, ఆదాయపన్ను రిటర్ను గడువులోపు వేసిన పక్షంలో ఆ నష్టాన్ని 8 ఏళ్లు క్యారీ ఫార్వర్డ్ చేసుకోవచ్చు, అంటే తర్వాతి ఏళ్లకు తీసుకెళ్లవచ్చు. రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఈ షేర్లు చూపారా? ఆ ఊసే ఎత్తలేదు మీరు. చూపకపోతే నా దగ్గరికి రాకముందే ఆడిటర్ని కలవండి.