గుర్రానికి వేరే చోటు లేదు, ఆ మాట రాయి

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

గుర్రాలతో వెళ్ళి పార్కులో క్యాంపు వేసుకునేవాళ్ళ ఇబ్బందుల మీద పార్కు ఆఫీసుకు పంపుదామని నువ్వు రాసుకున్న ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం న్యాయమైనదే. అయినా పన్నెండు ఫిర్యాదులు ఒకే మూటలో కట్టావు. వాటిలో చాలా వరకు గుర్రం వల్ల వచ్చినవే, ఆఫీసు వల్ల కాదు. ముందు అవి తీసెయ్యి.

కాగిన్స్ కాగితం, అదే గుర్రానికి అంటు రక్తహీనత లేదని చెప్పే రక్తపరీక్ష రిపోర్టు, దాని సంగతే చూడు. "టెంటు వేసుకునేవాళ్ళను అడగరు, నన్నెందుకు అడగాలి" అన్నావు. జోరీగ రోగమున్న గుర్రాన్ని కుట్టి, ఆ రక్తం మూతికి ఆరకముందే పక్కదాన్ని కుడితే చాలు, అంటు రక్తహీనత దానికీ వస్తుంది. దానికి మందు లేదు. రోగం బయటపడితే ఆ గుర్రాన్ని జీవితాంతం మిగతావాటికి కనీసం 200 గజాల దూరంలో ఉంచాలి, లేదా చంపెయ్యాలి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో 12 నెలల లోపు చేయించిన నెగటివ్ రిపోర్టు అడిగేది అందుకే. అది నీ గుర్రాన్ని కాపాడే రూలు. ట్రక్కులో ఒక కాపీ, ట్రైలర్‌లో ఒక కాపీ పెట్టుకో.

ఇక లద్దె. 450 కిలోల గుర్రం రోజుకు 20 కిలోల పైనే వేస్తుంది. నీ రెండు గుర్రాలూ మూడు రోజులుంటే 120 కిలోలు. మనం ఎత్తకపోతే ఎవరెత్తాలి? మా చిన్నప్పుడు తెనాలి స్టేషన్ బయట జట్కాలు నిలబడ్డ చోటు ఎలా ఉండేదో మీ అమ్మనడుగు. గుర్రాన్ని నేరుగా చెట్టుకు కట్టొద్దన్న రూలూ అంతే. రాత్రంతా గిట్టతో తవ్వి వేళ్ళు బయటపెడుతుంది, తోచకపోతే బెరడు కొరుకుతుంది. రెండు చెట్లకు వెడల్పు పట్టీలు చుట్టి, మధ్యలో తలకన్నా ఎత్తుగా తాడు లాగి, గుర్రాన్ని ఆ తాడుకు కట్టు. ఇంటి దగ్గర రెండు రాత్రులు అలవాటు చేసి మరీ తీసుకెళ్ళు.

కరెంటు లేదన్న గొడవ కూడా ఆచితూచి ఎత్తాలి. టెక్సస్‌లోనే బండేరా ఊరి దగ్గరున్న హిల్ కంట్రీ స్టేట్ నేచురల్ ఏరియా అనే పార్కుకు మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ గొణిగాను. తాగే నీళ్ళు కూడా మనమే మోసుకెళ్ళాలి. తర్వాత తెలిసింది, ఆ నేలలో ఎక్కువ భాగం దానమిచ్చిన రాంచ్ (పశువుల క్షేత్రం) వాళ్ళే దాన్ని ఆధునిక హంగులకు దూరంగా ఉంచమన్నారట. ఇచ్చినవాళ్ళ మాట కాదనలేం కదా.

ఇప్పుడు అసలు అన్యాయం. నీ ఉత్తరంలో అది తొమ్మిదో పాయింటుగా దాక్కుంది: గుర్రాలతో వచ్చేవాళ్ళ కోసం ఉంచిన క్యాంపు సైట్లలో గుర్రం లేనివాళ్ళు దిగిపోవడం. ఒకసారి లాంగ్ వీకెండ్‌లో నాలుగు గంటలు నడిపి ఒక పార్కుకు వెళ్ళాం, పేరెందుకులే. గుర్రాల కోసం కేటాయించిన సైట్లన్నీ టెంట్లతో, గ్రిల్లులతో నిండిపోయాయి. ఒక్క గుర్రం లేదు. ట్రైలర్‌లో మా గుర్రాలు చెమటలు కక్కుతున్నాయి. రాత్రి పదకొండింటికి వెనక్కి తిప్పాం. మీ అత్తయ్య దారి పొడవునా నాతో మాట్లాడలేదు.

టెంటువాడు పార్కులో ఏ సైటులోనైనా పడుకోగలడు. మనకు ఉన్నది ఆ నాలుగైదే. పైగా "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్నట్టు, చోటు లేకపోయినా మన ఖర్చు ఖర్చే. నీ ఉత్తరం ఈ ఒక్క మాట మీదే నిలబడాలి. ఏ తేదీన, ఏ సైట్లలో, ఎన్ని టెంట్లు, ఎన్ని గుర్రాలు ఉన్నాయో లెక్క రాయి, ఫొటోలు జతచెయ్యి. మనుషుల ముఖాలు పడకూడదు. అడిగేది కూడా చిన్నదే అడుగు: గేటు దగ్గర గుర్రాన్ని, కాగిన్స్ కాగితాన్ని చూశాకే ఆ సైటు ఇవ్వాలి, వారం ముందు వరకు ఖాళీగా ఉంటే అప్పుడు అందరికీ తెరవొచ్చు. రెండో మాట వదలకు. ఖాళీ సైట్లు చూస్తూ కూర్చోమంటే ఏ మేనేజరూ ఒప్పుకోడు.

సైకిళ్ళవాళ్ళ మీద రాసిన పేరా మాత్రం కొట్టెయ్యి. అమెరికాలో 1964 వైల్డర్‌నెస్ చట్టం కిందికొచ్చే అడవుల్లో సైకిళ్ళకు ప్రవేశం లేదు, గుర్రాలకు చాలాచోట్ల ఉంది. ఆ తగువు మనం మొదలుపెడితే మనకే తిరగబడుతుంది.

ఉత్తరం పంపేముందు ఒక శనివారం ఆ పార్కులో దారి బాగుచేసే పనికి వెళ్ళు. 1973లో మోంటానాలో మొదలైన బ్యాక్ కంట్రీ హార్స్‌మెన్ అనే గుర్రాలవాళ్ళ సంఘం వాళ్ళు ఇన్నేళ్ళుగా చేస్తున్నది ఇదే, రంపాలు పట్టుకుని వెళ్ళి పడిన చెట్లు తీస్తారు. రేంజర్ నీ ముఖం గుర్తుపడితే నీ ఉత్తరం చదువుతాడు.

తిరగరాసి ఒక పేజీకి తెచ్చి నాకు పంపు. అన్నట్టు, ట్రైలర్ స్పేర్ టైరులో గాలి చూశావా?

మీ మామయ్య