పాటల పోటీలు చూడండి, ముందు ప్రొద్దుటూరు వెళ్లి రండి

కడప నుంచి ఒక మ్యాథ్స్ లెక్చరర్ రాశారు. వయసు 49. రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో పాటల పోటీలు చూస్తారట, కొత్తవి అయిపోతే పాతవి, ఒక్కోసారి ఒంటి గంట దాకా. భర్త లేచి చూస్తే పేపర్లు దిద్దుతున్నానని చెప్తారు. కొడుకేమో "అదంతా టీఆర్‌పీ కోసం మమ్మీ" అని కొట్టిపారేస్తాడు. పగలు పిల్లలకు ఫోన్ ముట్టుకోవద్దని క్లాసు పీకి రాత్రి నేనే ఇలా చేయడం ఏం న్యాయం, ఎవరో పాప ఎలిమినేట్ అయిందని ముక్కు చీదుకుంటూ కూర్చోవడం ఈ వయసులో సిగ్గు కదా, ఈ వ్యసనం ఎలా మానాలి అని అడిగారు.

మానక్కర్లేదు. నిద్ర చాలకపోతే పదకొండుకు ఆపండి, భర్తకు అబద్ధం చెప్పడం మానేసి హాల్లో టీవీ పెట్టుకుని చూడండి. మీ అబ్బాయి అన్నదాంట్లో నిజముంది, కెమెరా ఆ పిల్ల తల్లి మొహం మీదికి ఎప్పుడు పోవాలో, వెనకాల వయొలిన్ ఎక్కడ ఎత్తుకోవాలో అన్నీ ఎడిటింగులో కూర్చోబెడతారు. అయినా పల్లవి దగ్గర తడబడిన పిల్ల గొంతు సవరించుకుని చరణంలో నిలదొక్కుకుంటే ఆ కష్టం ఆ పిల్లదే కదా, దానికి కళ్లు తడిస్తే తప్పేముంది? 2006లో ఇండియన్ ఐడల్‌లో కారుణ్య రెండో స్థానంలో ఆగిపోయినప్పుడు మనవాళ్లు ఎంత బాధపడ్డారో, 2010లో శ్రీరామచంద్ర గెలిచినప్పుడు ఎంత సంబరపడ్డారో గుర్తుందా? అప్పుడు ఎస్సెమ్మెస్‌లు పంపినవాళ్లలో లెక్చరర్లూ ఉన్నారు, బ్యాంకు మేనేజర్లూ ఉన్నారు. కాబట్టి మీరడిగిన ప్రశ్న ఇక్కడితో అయిపోయింది.

నన్ను పట్టుకున్నది మీ ఉత్తరం మూడో పేజీ.

1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైన కొత్తల్లో మీ ఇంట్లో టీవీ లేదు, పక్కింటికి వెళ్లి చూసేవాళ్లం అని రాశారు. "మేం మార్కులు వేసుకునేవాళ్లం" అన్నారు. లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీలో స్కేలుతో గీతలు కొట్టి శ్రుతికి పది, తాళానికి పది, ఉచ్చారణకు పది. అమ్మ పక్కన కూర్చుని చేటలో శెనక్కాయలు వలిచేది. బాలు గారు ఆ పాట ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో చెప్పి, పాడిన పిల్లకు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, 'ళ'ను 'ల' అనకుండా ఎలా పలకాలో నొప్పి తగలకుండా చెప్తుంటే మీరు గబగబా పెన్సిల్‌తో దిద్దుకునేవాళ్లు. పద్దెనిమిది లైన్లు రాశారు దీని గురించి. నేను లెక్కపెట్టాను.

ఆ "మేం" ఎవరు? మీరూ మీ చెల్లెలూ. అప్పుడు మీకు ఇరవై, తనకు పదహారు. కానీ చెల్లెలి గురించి వచ్చేసరికి రెండే రెండు వాక్యాలు. "2019లో అమ్మ పోయాక గాజుల విషయంలో మాటామాటా వచ్చింది, ఆమెతో ఇప్పుడు మాటల్లేవు. ఆమె కూతురు కూడా పాడుతుందట."

అమ్మా, సొంత చెల్లెల్ని "ఆమె" అని రాశారు. మన వైపు అక్క చెల్లెల్ని ఎంత కోపంలో తిట్టినా "అది" అనే తిడుతుంది. "ఆమె" అనేది బయటివాళ్లకు. ఇక ఆ "పాడుతుందట" ఉంది చూడండి, దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. టీవీలో పాడే ఎవరో పిల్ల ఊరు, ఇంటి పరిస్థితి, ఏ రౌండులో ఏ పాట పాడింది అన్నీ మీకు తెలుసు. మిమ్మల్ని పెద్దమ్మా అని పిలవాల్సిన పిల్ల పాడుతుందని మాత్రం ఎవరో చెప్తే తెలిసింది.

గాజుల సంగతి కూడా మాట్లాడుకుందాం. మీరు రాసిందాన్ని బట్టి అమ్మ చివరి ఏడాదిన్నర ప్రొద్దుటూరులో చెల్లెలి దగ్గరే ఉంది. మంచంలో పడ్డాక కడిగిందీ, తిప్పి పడుకోబెట్టిందీ, రాత్రిళ్లు లేచిందీ అదే. నాలుగు గాజులు అమ్మ తన చేతికిచ్చిందని చెప్తోంది. చట్టప్రకారం చూసినా బంగారం లాంటివి తల్లి బతికుండగా ఇష్టంగా చేతికి తీసిచ్చేస్తే చాలు, కాగితం లేకపోయినా అది ఇచ్చినట్టే. కానీ నాకు చట్టంతో పని లేదు. తల్లికి చివరి రోజుల్లో చాకిరీ చేసినవాళ్ల చేతికి తల్లి గాజులు పోవడం నాకు ధర్మంగానే కనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు, మీ ఇష్టం. పదకొండో రోజు భోజనాల దగ్గర, మేనమామల ముందు, తన అత్తవారి ముందు "లెక్క చెప్పు" అని అడగడం మాత్రం తప్పే. ఆ మాట మీ ఉత్తరంలో ఉంది, మీ చేత్తోనే రాశారు. ఉద్యోగాలూ పిల్లల చదువులూ అని మీరు నెలకోసారి వెళ్లొచ్చారు, అది నేను తప్పు పట్టను, అందరి బతుకులూ అంతే. అలా వెళ్లొచ్చినవాళ్లకు అందరి ముందూ లెక్క అడిగే హక్కు మాత్రం లేదు.

"తనే ముందు ఫోన్ చేయాలి, నాకూ ఆత్మాభిమానం ఉంది" అన్నారు. పెద్దది మీరు. నలుగురిలో మాట పడింది తను. ఇందులో మీ అభిమానానికి వచ్చిన లోటేంటో నాకు అర్థం కాలేదు. మన ఇళ్లలో పెద్దవాళ్లం అనిపించుకోవడానికి మనకు ఇష్టమే, ముందు పెట్టే చీరా మనకే, అడిగే సలహా మననే. మరి తగ్గాల్సి వచ్చినప్పుడు కూడా ముందు మనమే తగ్గాలి. నేనూ ముగ్గురికి అక్కను, చెప్పడం తేలికని చెప్పట్లేదు.

ఇంకోటి. 2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయిన రోజు మధ్యాహ్నం చెల్లెలి నంబరు వెతికి చేశాననీ, ఒక్క రింగ్ అయ్యాక కట్ చేశాననీ, "తను చూసి కూడా తిరిగి చేయలేదు" అనీ రాశారు. ఒక్క రింగ్‌కు ఏమని అర్థం చేసుకోవాలి ఎవరైనా? చెయ్యి తగిలి వచ్చిందనుకుని ఉంటుంది. లేదా ఫోన్ చేతిలో పట్టుకుని మీరు మళ్లీ చేస్తారేమోనని కూర్చుని ఉంటుంది. నాకైతే రెండోదే అనిపిస్తోంది, ఎందుకంటే ఆ రోజు తనకీ గుర్తొచ్చేది ఆ నోట్‌బుక్కే కదా.

కాబట్టి ఫోన్లూ మెసేజీలూ వద్దు. వచ్చే ఆదివారం కడపలో బస్సెక్కండి. ముందే చెప్తే ఆయనతో చర్చ, పిల్లలతో చర్చ, చివరికి మీ ప్రయాణం ఆగిపోతుంది, అందుకని చెప్పకుండానే వెళ్లండి. మీ ఆయన్ని తీసుకెళ్లొద్దు, మగవాళ్లు పక్కనుంటే గాజుల మాట మళ్లీ లేస్తుంది. గుమ్మంలోకి వెళ్లాక "పదకొండో రోజు అందరి ముందూ అలా అడగడం నా తప్పు" అని ఆ ఒక్క మాట చెప్పండి. నా ఉద్దేశం అది కాదనీ, ఆ రోజు టెన్షన్‌లో ఉన్నాననీ, నువ్వు కూడా అప్పుడు ఇలా అన్నావనీ దానికి తోకలు తగిలించొద్దు. తను ఏడుస్తుంది, తిడుతుంది, ఆరేళ్లుగా కడుపులో పెట్టుకున్నవన్నీ తవ్వి పోస్తుంది. పోయనివ్వండి, మధ్యలో సరిదిద్దకండి. తర్వాత ఇంట్లో ఏదైనా శుభకార్యం వచ్చినప్పుడు మేనమామల ముందు కూడా అదే మాట చెప్పండి, అడిగింది నలుగురిలో కాబట్టి.

సాయంత్రం దాకా ఉండండి. ఆ పిల్లతో ఒక పాట పాడించుకుని వినండి. మార్కులు వేయాల్సి వస్తే ఉచ్చారణ సంగతి మీ చెల్లెలికే వదిలేయండి, మీ ఉత్తరం ప్రకారం ఆ కాలమ్ ఎప్పుడూ దానిదే.