అంతా బాగానే ఉన్నా ముందుకు కదలట్లేదనిపిస్తే

తేల్చకుండా వదిలేసిన నిర్ణయాలే కారణమై ఉంటాయి. జీతం బాగుంది, ఇంట్లో గొడవల్లేవు, అయినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టుందని రాశారు. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో రీల్సే అని కూడా అన్నారు. ఆలోచించుకునే ఖాళీ అక్కడే పోతోంది.

1. రేపు ఫోన్ బ్యాగులో పడేయండి. అమీర్‌పేట దాకా చిరాగ్గా ఉంటుంది, ఉండనివ్వండి.

2. దిగాక, బుర్రలో తిరిగినవన్నీ కాగితం మీద రాయండి. వరస అక్కర్లేదు.

3. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. రాసినదాన్ని చేయగలిగే పనిగా మార్చాలి. "ఉద్యోగం మారాలి" అనేది పని కాదు, టెన్షన్. "శనివారం పొద్దున పదింటికి రెజ్యూమెలో ఈ రెండేళ్ల ప్రాజెక్టులు చేర్చాలి" అనేది పని. అలా మారనివి ("బంధువులు ఏమనుకుంటారో" లాంటివి) కొట్టేయండి.

4. మిగిలినవాటిలో ఒక్కటే ఈ వారం చేయండి.

నిద్ర, ఆకలి దెబ్బతిని, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటితే మాత్రం ఈ కాగితాలతో సరిపెట్టుకోకండి. 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, అర్ధరాత్రైనా ఎత్తుతారు.